మిగిలిన తుపాకిమందును ఇనప్పెట్టెలో దాచవచ్చా?

ప్రశ్న: గొట్టం మూతి నుంచి మందు కూరే పాత తరహా తుపాకీతో గురి పోటీల్లో పాల్గొంటుంటాను. లైసెన్సు ఉంది. ఈ ఏడాది పోటీలు ముగిసేసరికి సగం డబ్బా బ్లాక్ పౌడర్ (పాత తరహా తుపాకిమందు) మిగిలింది. తూటాలు సొంతంగా నింపుకోవడానికి కొన్న స్మోక్‌లెస్ పౌడర్ (పొగరాని మందు) మరో ముప్పాతిక డబ్బా ఉంది. ఇవి కాక, ఈ మధ్య చనిపోయిన మా మామయ్య సామాన్లలో పేరు రాసి లేని గాజు సీసా ఒకటి దొరికింది. దానిలో నల్లటి పొడి ఉంది. ఇంట్లో ఆరేళ్ల పిల్లవాడున్నాడు. మూడింటినీ గాలి చొరబడని మందపాటి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేద్దామనుకుంటున్నాను. అది సరిపోతుందా? ఈ పౌడర్ ఎంతకాలం నిలవ ఉంటుంది? చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

సమాధానం: మిగతా విషయాల కంటే ముందు ఆ గాజు సీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది అదే. దయచేసి దాన్ని ఉన్నచోటనే ఉండనివ్వండి. మూత తిప్పి వాసన చూడాలని గానీ, చిటికెడు తీసి వెలిగించి చూడాలని గానీ, ఇంకో డబ్బాలోకి ఒంపాలని గానీ అనుకోవద్దు. నల్లగా ఉన్నంత మాత్రాన అది బ్లాక్ పౌడరే కావాలని లేదు. బాణసంచా కోసం ఎవరో చేత్తో కలిపిన మిశ్రమం అయినా కావచ్చు, అటువంటి మిశ్రమాల్లో కొన్ని చిన్నపాటి రాపిడికే అంటుకుంటాయి. సీసా మరల్లో ఇరుక్కున్న నాలుగు రేణువులు మూత తిప్పేటప్పుడు పడే రాపిడికి అంటుకుంటే, పగిలిన గాజు నేరుగా మీ చేతుల్లోకీ ముఖంలోకీ వస్తుంది. ఆ గదికి తాళం వేసి, పిల్లవాణ్ణి అటు పోనివ్వకుండా, పోలీసులకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: చనిపోయిన బంధువు సామాన్లలో పేరు లేని సీసా దొరికింది, సుమారు ఇంత పరిమాణం ఉంది, ఫలానా చోట ఉంది, మేము ముట్టుకోలేదు అని. అటువంటి వాటిని తీసుకువెళ్లడానికి శిక్షణ పొందినవాళ్లు వాళ్ల దగ్గర ఉంటారు. మామయ్యగారి జ్ఞాపకం అని దాన్ని అట్టిపెట్టుకోవాలనిపించవచ్చు, కానీ దాచుకోదగిన జ్ఞాపకాలు ఆయన సామాన్లలో మరెన్నో ఉంటాయి.

ఇక ఇనప్పెట్టె విషయం. ప్రమాదకరమైన వస్తువును ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా బలమైన పెట్టెలో పెట్టాలన్న ఆలోచన చాలా సహజమైనది, మీ జాగ్రత్తను నేను తప్పుపట్టడం లేదు. అయితే తుపాకిమందు విషయంలో అది సరిగ్గా తిరగబడుతుంది. ఎందుకు తిరగబడుతుందో తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే మీకు తోస్తాయి, కాబట్టి ఈ ఒక్క విషయాన్నీ కాస్త వివరంగా రాస్తాను.

మూకుడులో నూనె అంటుకుంటే పైన మూత పెడతాం. గాలి అందక మంట ఆరిపోతుంది. తుపాకిమందుకు ఆ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను అది తనతోనే తెచ్చుకుంటుంది. బ్లాక్ పౌడర్‌లో (తెలుగులో ‘నల్లమందు’ అంటే అభిని అన్న అర్థం స్థిరపడిపోయింది కనుక నేను ఆ మాట వాడడం లేదు) బొగ్గుకూ గంధకానికీ ఆక్సిజన్ అందించే పని సురేకారం చేస్తుంది. స్మోక్‌లెస్ పౌడర్‌లోనైతే ఆ ఆక్సిజన్ నైట్రోసెల్యులోజ్ అణువులోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి గాలి చొరబడని పెట్టె మంటను ఆపదు, మంటలోంచి పుట్టిన వాయువులను మాత్రం బయటికి పోనివ్వదు. లోపల ఒత్తిడి పెరిగే కొద్దీ మందు మరింత వేగంగా మండుతుంది, వేగంగా మండే కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, చివరికి పెట్టె తట్టుకోలేని క్షణాన అది ముక్కలై, ఒక్కొక్క ముక్కా తూటాలా ఎగురుతుంది. తుపాకీ గొట్టంలో మనం కావాలని చేసేది ఈ పనే. స్మోక్‌లెస్ పౌడర్‌ను ఆరుబయట పలచగా పరిచి వెలిగిస్తే భుగ్గున మండి అయిపోతుంది, అదే పౌడర్‌ను గట్టి పాత్రలో బంధించి వెలిగిస్తే పేలుతుంది. బ్లాక్ పౌడర్ అంతకంటే చురుకైనది. నిప్పురవ్వ పడితే చాలు, పోగుగా ఉన్నప్పుడు మూత లేకపోయినా ఒక్కసారిగా లేస్తుంది. ప్రమాదకర వస్తువుల రవాణాకు ఐక్యరాజ్యసమితి పెట్టిన వర్గీకరణలో దాన్ని 1.1 తరగతిలో, అంటే ఉన్న సరుకంతా ఒకేసారి పేలగల వాటిలో చేర్చడానికి కారణం అదే.

కాబట్టి మీరు వెతకవలసింది బద్దలుకొట్టరాని పెట్టె కాదు, లోపల మంట పుట్టినప్పుడు తేలికగా లొంగిపోయే పెట్టె. పాతకాలపు మందుగుండు గిడ్డంగుల్లో గోడలను మందంగా కట్టి పైకప్పును తేలికగా వేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. పేలుడు పక్కలకు పోకుండా పైకి పోవాలని. నిప్పురవ్వ పుడుతుందని లోపల ఇనప మేకులు వాడేవారు కాదు, పీపాలకు రాగి పట్టీలు వేసేవారు. ఆ క్రమశిక్షణ ఊరికే రాలేదు. 1654 అక్టోబరు 12న నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నడిబొడ్డున ఉన్న మందుగుండు కొట్టు పేలి, చుట్టుపక్కల ఇళ్లు నేలమట్టమై, వందమందికి పైగా చనిపోయారు. చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియస్ కూడా ఆ రోజే తన ఇంట్లో గాయపడి కన్నుమూశాడు. ఆ తరవాత డెల్ఫ్ట్ తన కొత్త కొట్టును ఊరి వెలుపల కట్టుకుంది. మీ ఇంట్లో ఉన్నది సగం డబ్బా మాత్రమే, పీపాలు కాదు, నిజమే. కానీ చేతి వేళ్లకూ కళ్లకూ ఆ సగం డబ్బాయే చాలా ఎక్కువ.

మీ రెండు డబ్బాలకూ అన్నిటికంటే మంచి పాత్ర అవి కొన్నప్పుడు వచ్చిన డబ్బాయే. అది పలచగా, నాసిగా కనబడవచ్చు, కానీ తయారీదారు దాన్ని అలా చేసింది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు. లోపల మంట పుడితే మూతో అతుకో వెంటనే ఊడి, ఒత్తిడి పెరగకముందే వాయువు బయటికి పోవాలని. దాన్ని తీసేసి గాజు సీసాలోకి, స్టీలు డబ్బాలోకి, మర బిగించే పైపు ముక్కలోకి మార్చితే ఆ రక్షణను మీ చేతులతోనే తీసేసినట్టవుతుంది. పాలపొడి డబ్బా, బిస్కెట్ల డబ్బా వంటివి అసలే వద్దు, ఎందుకంటే ఆరేళ్ల పిల్లవాడు చదవలేకపోయినా బిస్కెట్ల బొమ్మను గుర్తుపడతాడు.

అసలు డబ్బాను వదలకపోవడానికి ఇంకో కారణం దాని మీది చీటీ. రెండు రకాల స్మోక్‌లెస్ పౌడర్లను పక్కపక్కన అరచేతిలో పోసుకుంటే తేడా కనిపించకపోవచ్చు. రెండూ గ్రాఫైట్ పూతతో నల్లగా మెరుస్తూ చిన్న చిన్న బిళ్లల్లాగో కడ్డీ ముక్కల్లాగో ఉంటాయి, కానీ ఒకటి మండే వేగం ఇంకొకదానికి రెట్టింపు ఉండవచ్చు. ఒకదాని కొలతతో ఇంకొకటి నింపితే తుపాకీ మొహం మీదే పగులుతుంది. బ్లాక్ పౌడర్ కోసం చేసిన తుపాకీలో స్మోక్‌లెస్ పౌడర్ పొరపాటున పడితే జరిగేది అదే, మీ ఇంట్లో రెండూ ఉన్నాయి కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. చీటీ ఊడిపోతున్నట్టు కనిపిస్తే దాని మీద పారదర్శకమైన టేపు అంటించండి. మొదటిసారి మూత తీసిన తేదీని పెన్నుతో డబ్బా మీదే రాయండి.

మీరు అడగలేదు గానీ, మిగిలిన పౌడర్ అన్నప్పుడు డబ్బాలో మిగిలినదే కాక, తూటాలు నింపేటప్పుడు వాడే కొలత పరికరం తొట్టిలో మిగిలినది కూడా లెక్కకు వస్తుంది. నేను చాలా ఏళ్ల క్రితం ఒక సాయంత్రం పని మధ్యలో ఎవరో పిలిస్తే తొట్టిలో పౌడర్‌ను అలాగే వదిలేసి లేచాను, తిరిగి దాని దగ్గరికి వెళ్లింది మూడు వారాల తరవాత. అద్దంలా ఉండే ప్లాస్టిక్ తొట్టి, పౌడర్ తగిలిన మేరకు తేనె రంగుకు తిరిగి మసకబారిపోయింది. కొన్ని స్మోక్‌లెస్ పౌడర్లలో కలిసి ఉండే నైట్రోగ్లిజరిన్ ప్లాస్టిక్‌ను తినడం మొదలుపెట్టిందన్న మాట. అంతకంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది: ఆ తొట్టిలో ఉన్నది అలమరలోని రెండు డబ్బాల్లో దేనిదో నేను ప్రమాణం చేసి చెప్పలేకపోయాను. ఆ పౌడర్ మొత్తాన్నీ వదులుకున్నాను. అప్పటినుంచి బల్ల మీద ఒకసారి ఒకే డబ్బా ఉంచుతాను, లేచేముందు తొట్టిని ఖాళీ చేసి పౌడర్‌ను దాని డబ్బాలోకే తిరిగి పోస్తాను, రవ్వంత సందేహం ఉన్నా తిరిగి పోయను. మీరూ అలాగే చేయండి.

డబ్బాలను పెట్టడానికి చెక్క అలమర మంచిది. సుమారు అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల మందం పలకలతో చేసినదైతే బయటి వేడి లోపలికి చేరడానికి సమయం పడుతుంది, అగ్నిప్రమాదం జరిగినా ఇంట్లోవాళ్లు బయటపడడానికి వ్యవధి దొరుకుతుంది. మూలలకు ఇనప బద్దీలు కొట్టి బిగించవద్దు. వెనక పలకనో పై పలకనో మిగతావాటికంటే బలహీనంగా ఉంచితే ఒత్తిడి అటు పోతుంది. ఆ బలహీనమైన వైపు మనుషులు తిరిగే దిక్కుకు ఉండకూడదు. తాళం తప్పకుండా వేయండి. పిల్లవాడి చేతికి అందకుండా ఉంచడానికి మామూలు తాళం చాలు, తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి, అలమర పైన కాదు. బ్లాక్ పౌడర్‌నూ స్మోక్‌లెస్ పౌడర్‌నూ ఒకే అరలో పక్కపక్కన పెట్టకుండా వేరువేరు పెట్టెల్లో పెట్టండి. ప్రైమర్లను (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలను) వీటి దరిదాపుల్లో ఉంచవద్దు. అవి దెబ్బ తగిలితే పేలడానికే పుట్టినవి. వాటిని కూడా వాటి అసలు పెట్టెల్లోంచి తీసి సీసాల్లో పోయకూడదు. మీ లైసెన్సు షరతుల్లో ఫలానా రకం పెట్టె, ఇంతకు మించని పరిమాణం అని రాసి ఉంటే నా మాటకంటే ఆ షరతే పైది. లైసెన్సు కాగితాన్ని తీసి ఈ రోజే ఒకసారి చదవండి, పోటీల కాలానికి అనుమతించిన పరిమాణమూ ఇంట్లో నిలవకు అనుమతించిన పరిమాణమూ ఒకటే అనుకోవద్దు.

చోటు విషయంలో పొడిగా, చల్లగా, నీడగా ఉండాలన్నది అందరికీ తెలిసినదే. మరిచిపోయేది మరొకటి ఉంది: ఇంట్లోంచి బయటికి పోయే దారిలో, మెట్ల కింద, పడకగదిలో దీన్ని పెట్టకూడదు. నిప్పు అంటుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ పరుగెత్తేది ఆ దారినే. ఎండకు కాగే పైకప్పు కింది అటక, పెట్రోలూ రంగు డబ్బాలూ ఉండే గది, గ్యాస్ సిలిండర్ పక్క, ఇన్వర్టర్ బ్యాటరీల దగ్గర, చెమ్మగిల్లే గోడ వారన, ఇవేవీ పనికిరావు. కారు డిక్కీలో వదిలేయడం మరీ ప్రమాదం. ఫ్రిజ్‌లో పెడితే చల్లగా ఉంటుంది కదా అని కొందరు అడుగుతారు. తలుపు తీసినప్పుడల్లా చల్లటి డబ్బాకు చెమ్మ పడుతుంది, లోపలి విద్యుత్తు మీటల దగ్గర నిప్పురవ్వ పుట్టే వీలుంది, పైగా ఇంట్లో అందరూ రోజుకు ఇరవైసార్లు తెరిచే తలుపు అది. వద్దు.

ఎంతకాలం నిలవ ఉంటుందన్న మీ ప్రశ్నకు రెండు పౌడర్లకూ రెండు వేరువేరు జవాబులు. బ్లాక్ పౌడర్‌కు కాలం శత్రువు కాదు, చెమ్మే శత్రువు. పొడిగా ఉంచితే అది తరాలు దాటినా అంటుకుంటుంది, అందుకే తాతల కాలం నాటిది కదా ఏమీ కాదులే అనుకోవడం పొరపాటు. చెమ్మ తగిలితే గడ్డలు కడుతుంది, సురేకారం పైకి తేలి తెల్లటి మరకలు కనిపిస్తాయి. అటువంటి పౌడర్‌ను ఎండబెట్టి వాడుకోవాలని చూడవద్దు. ఆరిన తరవాత అది సమంగా మండదు, కానీ మండడం మాత్రం మానదు. గడ్డలను నలిపి పొడి చేయడం అంతకంటే పెద్ద తప్పు.

స్మోక్‌లెస్ పౌడర్ సంగతి వేరు. దానిలోని నైట్రోసెల్యులోజ్ తయారైన రోజు నుంచే అతి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ నత్రజని ఆక్సైడ్లను వదులుతుంది, ఆ వాయువులు పోగుపడితే విచ్ఛిన్నం ఇంకా వేగం పుంజుకుంటుంది. వాటిని ఎప్పటికప్పుడు పట్టి ఉంచడానికి డైఫినైలమీన్ వంటి స్థిరీకరణ పదార్థాన్ని తయారీలోనే కలుపుతారు. ఆ పదార్థం అయిపోయాక పౌడర్‌లో వేడి పుట్టడం మొదలవుతుంది, పోగు పెద్దదైతే ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్ 1884లో తయారుచేసిన పొగరాని మందును మోసుకు తిరిగిన ఫ్రెంచి యుద్ధనౌకలు రెండు, 1907లో ఇయెనా, 1911లో లిబెర్తే, తులోన్ రేవులో పేలిపోవడానికి ఇలా చెడిన పౌడరే కారణమని చెబుతారు. ఈ ఇరవయ్యో శతాబ్దపు పాఠాల తరవాత స్థిరీకరణ ఎంతో మెరుగుపడింది. చల్లటి చోట, మూత బిగించి ఉంచిన నేటి పౌడర్ దశాబ్దాలు నిలుస్తుంది. అదే డబ్బా కాగే అటక మీద ఉంటే ఆ లెక్క చెల్లదు, ఎందుకంటే వేడి పెరిగే కొద్దీ ఈ విచ్ఛిన్నం చాలా త్వరపడుతుంది.

చెడినదాన్ని పట్టించేది ముక్కే. మంచి స్మోక్‌లెస్ పౌడర్‌కు ఈథర్‌నో స్పిరిట్‌నో పోలిన, కాస్త తియ్యగా అనిపించే వాసన ఉంటుంది. దాన్ని చూసి బెదరనక్కరలేదు. చెడిన పౌడర్ మూత తీయగానే ఆమ్లం ఆవిరిలా ముక్కుపుటాలను కుట్టే ఘాటు వస్తుంది. తెలిసినవారు ఒకరు చూసిపెట్టమని తెచ్చిన డబ్బాలో నేను మొదట గమనించింది మూత లోపలి అంచున తుప్పు లాంటి ఎర్రటి మరకను, ఆ తరవాత పౌడర్ పైపొర మీద ఇటుక పొడి చల్లినట్టున్న సన్నటి ధూళిని. డబ్బాను కాస్త కదిపితే ఆ ధూళి లేచింది. అప్పుడే వాసన తగిలింది. డబ్బా చల్లగానే ఉంది కనుక మూత వదులుగా పెట్టి, ఇంటికి దూరంగా నీడలోకి చేర్చి, అధికారులకు తెలియజేశాం. ఒకవేళ డబ్బా చేతికి వెచ్చగా తగిలినా, మూత సందుల్లోంచి ఎర్రటి పొగ వస్తున్నా దాన్ని మోయడానికి ప్రయత్నించవద్దు. అందరినీ బయటికి పంపి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. ఏడాదికి రెండుసార్లు, ఏదో ఒక తేదీ పెట్టుకుని, డబ్బాల మూతలు తీసి చూసే అలవాటు చేసుకోండి.

నేల మీద ఒలికితే మెత్తటి బ్రష్షుతో ప్లాస్టిక్ చేటలోకి ఊడ్చండి. వాక్యూమ్ క్లీనర్ వాడవద్దు, దాని మోటారు దగ్గర నిప్పురవ్వలు పుడతాయి, పౌడర్ నేరుగా అక్కడికే చేరుతుంది. ఊడ్చినదాన్ని తిరిగి డబ్బాలో పోయవద్దు. దానితోపాటు ఇసుక రేణువులు వస్తాయి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఇంట్లో నిప్పు అంటుకునే రోజు రావచ్చు. మంట ఆ అలమర దాకా వస్తున్నట్టు కనిపిస్తే ఆర్పడానికి నిలబడకండి, డబ్బాలను బయటికి తెద్దామని లోపలికి వెళ్లకండి. స్మోక్‌లెస్ పౌడర్ అంటుకోవడానికి 200 డిగ్రీల సెల్సియస్ కూడా అక్కరలేదు, అంటుకున్నాక దాన్ని ఊపిరాడకుండా చేసి ఆర్పడం సాధ్యం కాదని పైన చెప్పాను. అందరూ దూరం వెళ్లాక, అగ్నిమాపక సిబ్బందికి చెప్పవలసిన మొదటి మాట ఇదే: ఫలానా గదిలో, ఫలానా మూల, ఇంత తుపాకిమందు ఉంది. చట్టం గురించి భయపడి ఈ మాట దాచేవాళ్లను చూశాను. తెలియక ఆ గదిలోకి అడుగుపెట్టేది ఇంకొకరి బిడ్డ. ఈ వివరాలు మీకొక్కరికే కాక ఇంట్లో ఇంకో పెద్దవారికి కూడా తెలిసి ఉండాలి, ఆ రోజు మీరు ఇంట్లో లేకపోవచ్చు.

చివరగా, మిగిలినదాన్ని దాచి తీరాలా అని కూడా ఆలోచించండి. తరవాతి పోటీలు ఎనిమిది నెలల దూరంలో ఉంటే, సగం డబ్బా బ్లాక్ పౌడర్ ఖరీదు కోసం అన్నాళ్లూ ఒక పేలుడు పదార్థాన్ని పిల్లవాడున్న ఇంట్లో ఉంచుకోవడం నాకు లాభసాటి బేరంగా తోచదు. కొన్న లైసెన్సుదారు దుకాణంలోనే వెనక్కి తీసుకుంటారేమో అడగండి, లేదా పారవేసే పద్ధతిని పోలీసులనో పేలుడు పదార్థాల విభాగం వాళ్లనో అడిగి, వాళ్లు చెప్పిన చోట అప్పగించండి. చెత్తబుట్టలో వేయడం, కాలువలో పోయడం, పెరట్లో పోగుపోసి వెలిగించడం, ఈ మూడూ వద్దు. చెత్తలో వేస్తే దాన్ని ఎత్తే కార్మికుడికి అందులో ఏముందో తెలియదు. స్మోక్‌లెస్ పౌడర్ నీటిలో కరగదు, కాలువ అడుగున చేరి ఆరినప్పుడు మళ్లీ మండుతుంది. పెరట్లో వెలిగించినవాళ్లలో చాలామంది ఆ మంట ఎంత దూరం విరజిమ్ముతుందో వెలిగించాకే తెలుసుకున్నారు. స్మోక్‌లెస్ డబ్బాను మాత్రం, లైసెన్సు అనుమతిస్తే, చెక్క అలమరలోకి మార్చి ఉంచుకోవచ్చు. వచ్చే ఏడాది రెండూ చిన్న డబ్బాల్లో కొనండి. పోలీసులకు చేయవలసిన ఆ ఫోన్ మాత్రం, సీసా గురించి, ఈ ఉత్తరం చదవడం ముగించిన వెంటనే చేయండి.